పాలసొరపై తొలికత్తి

సాగరమేఖలా రాజ్యానికి రాజధాని శుక్తికోట. మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు నల్లరాతి కొండ. కోటగోడలకు సున్నంలో ముత్యపు చిప్పల పొడి కలిపి పూశారు. అందుకని ఆ గోడలు తొలి ఎండకు గులాబి వన్నె తిరిగి, మధ్యాహ్నానికి వెండిలా తెల్లబడి, సాయంకాలానికి పసుపు పూసుకున్నట్టు కళకళలాడేవి. ద్వారాలకు తిమింగలపు ఎముకల తోరణాలు, బురుజుల మీద పగడపు పిడుల కత్తులు ధరించిన భటులు, అంతఃపురం చుట్టూ సముద్రపు నీటిని పీల్చి పైకి చిమ్మే రాతి మొసళ్లు. ఇన్ని హంగులున్న కోటలో ఆ రోజు ఒకటే చప్పుడు. ఏడు రోజుల పసికందు ఏడుపు. అదీ పొద్దెక్కేకొద్దీ సన్నబడిపోతున్నది.

మకరసేన మహారాజుకు లేక లేక కలిగిన కొడుకు వాడు. ధూమ్రజిహ్వుడనే మాంత్రికుడు ఆ రాజ్యం మీద ఎప్పటినుంచో కన్ను వేసి, పురిటినాడే రాణి హేమాంగికి పాలు ఇంకిపోయేలా ప్రయోగం చేశాడు. ఆవుపాలు పడితే బిడ్డ కక్కేశాడు. దాదుల రొమ్ము ముట్టలేదు. తేనె చుక్కలు నాకించి ఆరు రోజులు నెట్టుకొచ్చారు. ఏడోనాటి సూర్యాస్తమయంలోగా తల్లిపాలు తాగకపోతే ఆ బిడ్డ తనవాడని మాంత్రికుడు కోటగోడ మీద పొగతో రాసిపోయాడు.

రాజవైద్యుడు చెప్పిన విరుగుడు ఒక్కటే. నల్లబొక్క అనేచోట, లోతునీళ్లలో తిరిగే పాలసొర. బాలింతకు పాలు పడాలంటే సొరచేప పెట్టమని తీరంలో ఏ గుడిసెనడిగినా చెబుతారు. కాని వైద్యుడు దానికో ముడి వేశాడు. ఆ మాంసంలో చేప విరిగిన ఘాటు ఆవగింజంత ఉన్నా రాణి నోట నిలవదు, మందు పారదు.

అందుకే ఏడోనాటి పొద్దున్నే రెండు తెప్పలు నల్లబొక్క మీద తేలుతున్నాయి. ఒకదాని మీద పైడన్న ఉన్నాడు. గాలం వేయడంలో ఆ తీరంలో తనను మించినవాడు లేడని వాడికి బుద్ధి తెలిసిన నాటినుంచీ తెలుసు. మొన్నమొన్నటిదాకా ఊరికీ తెలుసు. రెండో తెప్ప మీద మాచన ఉన్నాడు. మూడు నెలల కిందట ఎక్కడినుంచో ఊడిపడ్డాడు. ఉప్పు వర్తకుణ్ణని చెప్పుకున్నాడు గాని, ఒక్కనాడూ ఉప్పు బేరం చేసిన పాపాన పోలేదు.

మూడు నెలల్లోనే పల్లెలో ఎవరి నోట చూసినా మాచన మాటే అయింది. కర్రసాము చేస్తే మాచన, తెడ్డు వేస్తే మాచన. కులపెద్ద బండెయ్య పైడన్నకు సాక్షాత్తూ మేనమామ. ఆయన కూడా అరుగు మీద మేనల్లుణ్ణి జరిపి మాచనకు చోటిచ్చాడు. ఇవన్నీ పైడన్న పళ్లు బిగబట్టి ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది ఒకటుంది. బండెయ్య కూతురు నూకాలు కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తున్నప్పుడు, మాచన వచ్చి ఏ దేశం కబుర్లో ఎత్తుకుంటే, ఆ పిల్ల పని ఆపి మరీ వింటుంది. పైడన్న చెప్పే కబుర్లకు ఆ కత్తిపీట ఏనాడూ ఆగలేదు. పుట్టినప్పుడే తనదనుకున్న పిల్ల చేతులు పరాయివాడి మాటకు ఆగిపోవడం చూసి, వాడికి మూడు నెలలుగా అన్నం సయించడం లేదు.

ఆ పొద్దున సొర తగిలింది పైడన్న గాలానికే. తాడు వాడి అరచేతులు కోసుకుంటూ బుస్సున జారింది. నిలువెత్తు సొర. బూడిదవన్నె వీపు, పాలవన్నె పొట్ట. తెప్పను గిరగిరా తిప్పింది. ఒక్క గుంజు గుంజి తెరచాప కొయ్యను నీళ్లకు ఆనించింది. పైడన్న మోకాళ్ల మీద పడి, తాడును నడుముకు చుట్టుకుని, చావుకు తెగించి లాగుతున్నాడు. ఇంకో నాలుగు గుంజులకు అది అలసిపోయేదే. ఆ సంగతి ఎవరికి కావాలి? మాచన ఉచ్చుతాడు పళ్ల మధ్య కరచిపట్టి నీళ్లలోకి దూకాడు. నురుగులో ఒకసారి వాడి చెయ్యి కనిపించింది, ఒకసారి సొర దవడ కనిపించింది. మరుక్షణం తోకకు ఉచ్చు బిగిసింది. బలమంతా తోకలోనే ఉన్న జంతువు, తోక కట్టేసరికి కట్టెలా నిలిచిపోయింది.

ఆ తీరంలో ఒక కట్టుబాటు ఉంది. సొర ఎవరి గాలానికి తగిలినా సరే, తోకకు ఉచ్చు వేసినవాడిదే సొర. తొలికత్తి వాడిదే. వాడు తన కత్తిని సముద్రపు నీట కడిగి, పిడి ముందుకు పెట్టి ఇస్తే తప్ప, ఇంకొకరి చెయ్యి ఆ చేప మీద తొలిగాటు పెట్టకూడదు. అలా పుచ్చుకున్న కత్తిని పని తీరాక, పొద్దు గుంకేలోగా, ఇచ్చినవాడి చేతిలోనే పెట్టాలి. ఎప్పుడో ఇద్దరు అన్నదమ్ములు ఒక సొర కోసం తెప్ప మీదే పొడుచుకు చచ్చారని, అప్పటి పెద్దలు ఈ కట్టుబాటు పెట్టారు.

పైడన్న తన అరచేతుల వంక చూసుకున్నాడు. తోలు లేచిపోయి నెత్తురు చిమ్ముతున్నది. ఈ చేతులకు లెక్క లేదు. ఒక్క దూకు దూకినవాడిది సొర, వాడిది పేరు. 

సరిగ్గా అప్పుడే మాచన తడి జుట్టు వెనక్కు తోసుకుని, దీన్నిప్పుడు ఏం చేయాలని అడిగాడు.

ఏం చేయాలో పైడన్నకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. సొర మిగతా చేపల్లాంటిది కాదు. దాని ఉచ్చ దాని నెత్తురులోనే తిరుగుతుందని పల్లెలో ముసలమ్మలు చెబుతారు. ప్రాణం పోయిన గడియలోపలే గొంతు కోసి, తోక కోసి, తలకిందులుగా వేలాడదీసి నెత్తురంతా కార్చెయ్యాలి. పేగులు తీసి దూరంగా పారేయాలి. పొట్టలోపల సముద్రపు నీళ్లతో కడిగి, ఎండ తగలకుండా తడిపిన ఆకుల్లో చుట్టాలి. ఇందులో ఏది ఆలస్యమైనా నెత్తురు కండలోనే విరిగి ఘాటెక్కుతుంది. ఎక్కిన ఘాటు ముక్కులు బద్దలుకొడుతుంది. పళ్లెం ముందు మనిషి కూర్చోలేడు.

"ఏటీ సెయ్యకు," అన్నాడు పైడన్న. "రాజుగోరి ముందర నిండు సేపనెట్టాల. కోట కాడికెల్లినాక కోద్దుం."

"నీకు తెలిసినంత నాకు తెలియదు. నువ్వెలా అంటే అలాగే," అన్నాడు మాచన. అని, ఆ సొరను నిండుగా, నెత్తురుతో, పేగులతో తన తెప్ప మీద పడుకోబెట్టి, ఎండలో కోటవైపు తెడ్డు వేశాడు.

పైడన్న అంత కసాయివాడేం కాదు. రాజుగారి బిడ్డ చావాలని వాడికి లేదు. వాడి ఎత్తు వేరు. పాలసొరలు జంటగా తిరుగుతాయని వాడికి తెలుసు. తాడు పురి విడిపోయిందని, సరిచేసుకుని వెనకాలే వస్తానని చెప్పి, మాచన తెప్ప కనుమరుగయ్యేదాకా ఆగాడు. మళ్లీ ఎర గుచ్చి గాలం వదిలాడు. రెండోది కాస్త చిన్నది, అయినా మొండిది. ఈసారి గాలమూ తనదే, ఉచ్చూ తనదే, తొలికత్తీ తనదే.

ఆ సొరను వాడు ఎంత ముద్దుగా చూసుకున్నాడంటే, కన్నతల్లి బిడ్డకు నీళ్లు పోసినట్టు చూసుకున్నాడు. గొంతు కింద ఒక్క గాటు పెట్టాడు, తోక మొదట్లో ఒక గాటు పెట్టాడు. తెరచాప కొయ్యకు తోక పైకి కట్టి, చివరి బొట్టు కారేదాకా కదలకుండా నిలబడ్డాడు. తల తీసేశాడు. పొట్ట చీల్చి పేగులు, కాలేయం తీసి గాలివాటుకు అవతల పారేశాడు. వెన్నెముకను ఆనుకుని గడ్డకట్టిన నల్లనెత్తురును బొటనవేలి గోటితో గీకి, మూడుసార్లు నీళ్లు కొట్టాడు. సొరతోలును తల నుంచి తోకకు నిమిరితే పట్టులా ఉంటుంది, ఎదురు నిమిరితే ఆకురాయిలా చెయ్యి గీసేస్తుంది. అది తెలిసినవాడు గనక వాటం చూసుకుని పట్టుకున్నాడు. ముక్కు ఆనించి వాసన చూస్తే, సముద్రం వాసన తప్ప ఇంకేం లేదు. తడిపిన కొబ్బరిమట్టల చాపను దానికి చుట్టి, తెరచాప నీడన కొయ్యకే వేలాడదీసి, ఈలవేసుకుంటూ బయలుదేరాడు.

దారి పొడుగునా వాడు ఒకటే ఊహించుకున్నాడు. కోటలో మాచన తన సొరను కోస్తాడు. ఘాటు గుప్పుమంటుంది. రాజు, మంత్రులు ముక్కులు మూసుకుంటారు. బండెయ్య మావ తల దించుకుంటాడు. అప్పుడు తను నింపాదిగా కొబ్బరిచాప విప్పుతాడు. నూకాలు కత్తిపీట ఆగుతుంది. అక్కడికి వచ్చేసరికి ఊహ అంత తియ్యగా ఉండి, మళ్లీ మొదటినుంచీ ఊహించుకున్నాడు.

నాలుగోసారి ఊహిస్తుండగా ఎండ మాయమైంది.

తలెత్తి చూస్తే ఆకాశంలో గద్ద. పొగరంగు ఒళ్లు, దూలాలంత రెక్కలు, రెక్క ఆడించినప్పుడల్లా కమురువాసన. అది ఒక్కసారిగా తెప్ప మీదికి దిగింది. పైడన్న తెడ్డుతో కొట్టాడు. తెడ్డు రెండు ముక్కలైంది. గోళ్లు వాడి భుజాన్ని చీరి, తెప్ప మీద వెల్లకిలా పడేశాయి. ముక్కు వాడి గొంతు మీదికి వంగింది. ఇక అయిపోయిందనుకుని కళ్లు మూసుకున్నంతలో ఎక్కడో కేక వినిపించింది. వెనకాలే వస్తానన్నవాడు ఎంతకీ రాకపోయేసరికి దారిలో ఆగిన మాచన తెప్ప తిప్పుకుని, తెరచాప నిండా గాలితో దూసుకొస్తున్నాడు. వస్తూనే నిలబడి బల్లెం విసిరాడు. అది గద్ద ఎడమకాలిలో దిగింది. గాయం నుంచి నెత్తురు రాలేదు, నల్లటి పొగ వచ్చింది. గద్ద అరచి పైకి లేచింది. లేస్తూ లేస్తూ తెరచాప కొయ్యను, కొయ్యకు వేలాడుతున్న సొరను, చాపతో సహా పెకలించుకుని పోయింది.

పైడన్న లేచి కూర్చుని ఖాళీ అయిన తెప్పను చూసుకున్నాడు. సొర పోయింది. ప్రాణం మిగిలింది. ఆ ప్రాణం కూడా వీడి చేతి మీదుగానే మిగలాలా అని వాడికి ఏడుపొచ్చింది.

మాచన తన పైపంచె చింపి వాడి భుజానికి కట్టు కట్టాడు. గద్ద ఎత్తుకుపోయింది ఏమిటని అడిగాడు. ఇంకో సొరను పట్టానని, ఒకటి పోతే ఒకటుంటుందని పట్టానని పైడన్న గొణిగాడు. అంత ముందుచూపు తనకు తట్టనే లేదని, ఈ తీరంలో నీలాంటివాడు ఒక్కడుంటే చాలని మాచన మనసారా మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు గద్ద గోటికన్నా లోతుగా దిగింది.

అప్పుడు పైడన్న చూపు మాచన తెప్ప మీది సొర మీద పడింది. ఇక లోకంలో ఉన్నది అదొక్కటే. పొద్దు నడినెత్తిన ఉంది. మళ్లీ నల్లబొక్కకు పోయి రావడానికి వేళ లేదు. వాడు ఆ తెప్ప మీదికి దాటి, సొర మొప్పల దగ్గర ముక్కు పెట్టాడు. సన్నగా, ముక్కులో సూది గుచ్చినట్టు, ఘాటు మొదలైంది. ఇంకో గడియ ఇలాగే ఉంటే దీన్ని దేవుడు కూడా బాగుచేయలేడు. కోయాలి. కోయాలంటే కత్తి అడగాలి. వీణ్ణి అడగాలి.

"మాచన్నా, దీన్ని ఇప్పుడే కొయ్యాల. కత్తి ఇయ్యి."

"కోట దగ్గర కోద్దామన్నావు."

"అన్నాను. అది అబద్దం."

మాచన వాడి మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. ఎందుకని అడగలేదు. మొలలోంచి కత్తి తీసి, నీట కడిగి, పిడి ముందుకు పెట్టి అందించాడు. నాలుగు తిట్లు తిట్టినా పైడన్నకు ఊపిరాడేది. వాడు తిట్టనూ లేదు.

తర్వాత పైడన్న చేతులు ఎంత వేగంగా ఆడాయో చెప్పలేం. గొంతు, తోక, పొట్ట. చచ్చి చాలాసేపైన చేప గనక నెత్తురు కారలేదు, చిక్కగా ఊడివచ్చింది. వేలాడదీసి, మాచన చేత కుండలకొద్దీ నీళ్లు కొట్టించాడు. పేగుల్ని అంటుకున్న పొట్టకండ అప్పటికే మెత్తబడింది. దాన్ని కోసి పారేశాడు. తోకవైపు కండ ఇంకా బిగువుగా ఉంది. ఆశ ఏదైనా ఉంటే అందులోనే ఉంది.

కోట కింది రేవులో నూకాలు పొయ్యి రాజేసి, కుండలు బోర్లించి, కత్తిపీట వేసుకుని సిద్ధంగా ఉంది. సొరపిట్టు వండడంలో పల్లెలో ఆమె చేతికి తిరుగులేదని బండెయ్యే ఆమెను పంపాడు. సొరను చూడగానే వంగి వాసన చూసి, తలెత్తి పైడన్న వంక చూసింది.

"ఇది పట్టిన గడియకి కోసిన సేప కాదు. నువ్వు పక్కనుండి ఇలాగెలా ఒగ్గేసినావు బావా?"

పైడన్న నోరు తెరిచాడు.  ఈలోగా మాచన అడ్డొచ్చి, తొలికత్తి తనదని, తెలియక కోయకుండా ఉంచేశానని, పైడన్నే చెప్పి కోయించాడని, తప్పంతా తనదని చెప్పేశాడు.

చూశారా వీడి సంగతి. బలం వీడిదే, అందం వీడిదే, ఇప్పుడు మంచితనం కూడా వీడిదేనా. ఇతరులకు కాస్తంతైనా మిగల్చడా అని పైడన్న రగిలిపోయాడు.  నూకాలు తోలు ఒలుస్తూ, మాచనకు వినబడకుండా, అతను చెప్పింది అబద్ధమని నీ మొహం చూస్తేనే తెలుస్తున్నదని పైడన్నతో అంది. కోటలోంచి బిడ్డ ఏడుపు సన్నగా వినిపిస్తున్నది. ఆ సంగతి తర్వాత తేల్చుకుందామని, ముందు పని చూడమని పైడన్న చేతికి కండ అందించింది.

ఇద్దరూ వంగిపోయి పనిలో పడ్డారు. కండకు ఇరువైపులా చారలా సాగే నల్లనెత్తురు కండను గీసి తీసేశారు. ఘాటు దాక్కునేది అందులోనే. మిగిలినదాన్ని వేళ్లంత ముక్కలు కోసి, ఉప్పునీళ్లలో పిసికి పారబోశారు. రెండోసారి చింతపండు పులుసులో నానబెట్టారు. మామూలు సొరకు అంతే చాలు. దీనికి చాలదని పైడన్నకు తెలుసు. వాడి తల్లి ఎండదెబ్బ తిన్న సొరకు చేసే పని ఒకటి గుర్తొచ్చింది. పులిసిన గంజి తెప్పించి, అందులో ముక్కలు వేసి, రాయి బరువు పెట్టి ఉంచాడు. నీళ్లు పారబోసినప్పుడల్లా నూకాలు ఒక ముక్క నాలుక చివర పెట్టి చూసింది. మొదటిసారి చురుక్కుమంది. రెండోసారి చురుక్కుమంది. పొద్దు కొండవైపు వాలింది. మూడోసారి ఆమె కళ్లు మూసుకుని చాలాసేపు నాలుక మీద ఉంచుకుని, కళ్లు తెరిచి, పొయ్యి మీద నీళ్లు పెట్టమంది.

పసుపు వేసి ఉడికించారు. చల్లార్చి, బట్టలో మూటగట్టి, ఆఖరి చుక్క దాకా పిండి, పొడిపొడిగా చిదిమారు. నువ్వులనూనెలో జీలకర్ర, అల్లం, గుప్పెళ్లకొద్దీ వెల్లుల్లి, దంచిన మిరియాలు వేగనిచ్చి, ఆ పొడి చల్లి, సన్నని సెగ మీద తిప్పారు. గాలికి ఆ కమ్మదనం రేవంతా వ్యాపించి, భటులు బురుజుల మీదినుంచి తొంగిచూశారు. కుండ కాలుతున్నది. పట్టు జారకుండా పైడన్న ఒక సొరతోలు ముక్కను గరుకువైపు పైకి ఉండేలా అరచేతికి చుట్టుకుని, కుండ అంచు పట్టి, కోట మెట్లెక్కాడు. వెనక నూకాలు, ఆ వెనక నడుముకు ఉచ్చుతాడు చుట్టుకుని మాచన.

అంతఃపుర ద్వారం దగ్గర రుచి చూసే ముసలి అధికారి ఎదురొచ్చాడు. నలభై ఏళ్లుగా ఆయన నాలుక దాటకుండా రాజు నోట్లోకి ముద్ద పోలేదు. ఆ నెరసిన గడ్డాన్ని శంకించేవాళ్లు కోటలో లేరు. ఆయన ఎడమకాలు ఈడుస్తూ వచ్చి, కుండ మూత ఎత్తి చూసి, ముక్కు మూసుకున్నాడు.

"కుళ్లిన మాంసం. దీన్ని మహారాణికి పెట్టడానికి మీకెన్ని గుండెలు? కందకంలో పారబోయండి."

మాచన పట్టిన సొర పనికిరాదని ఎవరైనా అంటే వినాలని పొద్దుటినుంచీ పైడన్న చెవులు కోసుకున్నాడు. ఇప్పుడు విన్నాడు. వినగానే ఒళ్లు మండిపోయింది. పట్టింది ఎవడైతేనేం, ఈ పిట్టు తనది. మూడు నీళ్లు మార్చిన చేతులు తనవి. ఈ ముసలాయన నాలుకకు తాకించి చూడకుండానే కుళ్లిందంటాడా?

"తిని సెప్పండి," అన్నాడు.

అధికారి తినలేదు. కుండ లాక్కోబోయాడు. పైడన్న సొరతోలు చుట్టిన చేత్తో ఆయన మణికట్టు పట్టుకుని ఎదురువాటున మెలితిప్పాడు. ఆకురాయితో గీసినట్టు చర్మం లేచి వచ్చింది. దాని కింద నెత్తురు లేదు. పొగ ఉంది. ఈడుస్తున్న ఎడమకాలి మీద, పంచె తొలగినచోట, బల్లెం దిగిన గాయం నోరు తెరుచుకుని పొగ కక్కుతున్నది.

నెరసిన గడ్డం రాలిపోయింది. ధూమ్రజిహ్వుడు తన నిజరూపంతో పైకప్పు దాకా లేచాడు. నిప్పుల కళ్లు, నాలుకకు బదులు నల్లటి పొగ. భటులు కత్తులు వదిలేసి పారిపోయారు. మాచన మాత్రం మాంత్రికుడి మీదికి ఉరికి నడుము పట్టుకున్నాడు. కుండను నూకాలు చేతిలో పెట్టి పొమ్మని పైడన్న అరిచాడు. ఆమె ఆ ఇద్దరి కాళ్ల సందులోంచి దూరి, తలుపు తోసుకుని రాణి మంచం దగ్గరికి పరుగెత్తింది.

లోపల ఏం జరుగుతున్నదో బయటివాళ్లకు కనిపించలేదు. రాణి నోట మొదటి ముద్ద పడిందని, రెండోది పడిందని, మూడోది పడిందని దాదులు పెట్టే కేకలు మాత్రం వినిపించాయి. పడమటి కిటికీలో సూర్యుడు సముద్రానికి జానెడు ఎత్తున ఉన్నాడు. పొద్దుటినుంచీ ఆగని ఏడుపు ఉన్నట్టుండి ఆగిపోయింది.  అంతలో గుటకలు వినిపించాయి. ఆకలిగొన్న పసివాడు గబగబా, ఊపిరి తీసుకోవడం కూడా మరిచి, తాగుతున్న గుటకలు.

మాంత్రికుడి ఒళ్లు బీటలు వారింది. వాడు చూపు మాచన మీదికి తిప్పాడు.

"వజ్రకూటపు యువరాజా ఉదయకేతూ, ఉప్పు వర్తకుడి వేషం వేస్తే నిన్ను గుర్తుపట్టననుకున్నావా? బిడ్డ దక్కకపోతే నువ్వు దక్కావు. మీ తండ్రిని శిలను చేసిన చోటనే నిన్నూ నిలబెడతాను."

రాజకుమారుడు కూడానా, అనుకున్నాడు పైడన్న. ఇదొక్కటే తక్కువైంది వీడికి.

పొగ సుడి తిరిగి మాచనను చుట్టేసి, ఎత్తుకుని, ప్రాకారం దాటి సముద్రంలోకి దూకింది. మాచన నడుమున ఉన్న ఉచ్చుతాడు చుట్లు విడిపోతూ రాతి మీద సరసరా జారింది. పైడన్న ఒక్క దూకున దాని కొసను పట్టుకున్నాడు. పొద్దున కోసుకుపోయిన అరచేతులే మళ్లీ కోసుకుపోయాయి. ప్రాకారం మీద కాలు తన్నిపెట్టి కిందికి చూశాడు. సముద్రం గుండ్రంగా నోరు తెరిచింది. నీటిగోడల మధ్య మెట్లు కనిపిస్తున్నాయి. పొగ మాచనను ఆ మెట్ల లోపలికి, చీకట్లోకి, ఈడ్చుకుపోతున్నది. తాడు వదిలేస్తే చాలు. కొయ్యనక్కర కూడా లేదు. పొద్దు వాలుతున్నది. పల్లెలో రేపటినుంచి అరుగు మీద చోటు ఖాళీ.

వెనక అడుగుల చప్పుడైంది. నూకాలు వచ్చి నిలబడింది. చేతులు రెండూ పిట్టు నూనెతో మెరుస్తున్నాయి. ఏ పనీ చేయకుండా వాడినే చూస్తున్నది.

"బావా," అంది. 

ఆ చేతులు ఆగింది తన కోసమో, తాడు చివరనున్నవాడి కోసమో పైడన్నకు తెలియలేదు. తెలిసింది ఒకటే. ఇక్కడ తాడు వదిలితే మాచన చచ్చినా చావడు. పాటలన్నీ వాడి మీదే కడతారు. సముద్రం అడుగుకు ఒంటరిగా పోయిన వీరుడని ముసలమ్మలు ఏడుస్తారు. తను అరుగు మీద కూర్చుని ఆ పాటలు వినాలి, వింటున్న నూకాలును చూడాలి. ఆ బతుకు తనవల్ల కాదు. ఈ పేరు కూడా వీడొక్కడికే వదిలిపెట్టేది లేదు.

పైగా మొలలో గుచ్చుకుంటున్న కత్తి వాడిది. పొద్దు గుంకేలోగా ఇచ్చినవాడి చేతిలోనే పెట్టాలి.

పైడన్న తాడు కొసను నడుముకు మూడు చుట్లు చుట్టి ముడి వేశాడు. మాచన కత్తిని తీసి, పిడి పళ్ల మధ్య బిగించి, ప్రాకారం మీదినుంచి దూకాడు.